పైకి పోయే లెక్క

భీమునిపట్నం నుంచి నర్సీపట్నం దాకా పోయే దారిని మా వైపు బి.ఎన్. రోడ్డు అంటారు. సముద్రం ఒడ్డున బయల్దేరి, చోడవరం, వడ్డాది, రావికమతం, కొత్తకోట దాటుకుంటూ కొండల అంచుకి చేరుతుంది. ఈ రోడ్డు పేరెత్తితే చాలు, జనం గుంతల గురించి మొదలుపెడతారు. నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. మన స్థానిక పాలన చరిత్రంతా ఈ దారి పొడుగునా పరిచి ఉంది.

ఒక చివర భీమిలి. దేశంలోని అతి పాత మునిసిపాలిటీల్లో ఒకటి; 1861లో మొదలైందని చెప్తారు. రెండో చివర నర్సీపట్నం, 2010 తర్వాత పంచాయతీ నుంచి మునిసిపాలిటీగా మారిన ఊరు. మధ్యలో రావికమతం. అది ఎన్నడూ మునిసిపాలిటీ కాలేదు. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం రెవెన్యూ డివిజన్లో, ఒక మండల కేంద్రం, ఒక గ్రామ పంచాయతీ. తమాషా ఏమిటంటే అంత పాత మునిసిపాలిటీ అయిన భీమిలికి ఇవాళ తనదంటూ ఒక కౌన్సిల్ లేదు. 2013లో దాన్ని అనకాపల్లితో పాటు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేశారు.

ఈ మూడు ఊళ్ళనీ పక్కపక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగాలని నా ప్రయత్నం. ఒక కౌన్సిలో పంచాయతీయో 'ముందుగా ఈ పనులు చేస్తాం' అని తీర్మానం రాసుకుంటుంది. ఆ పని ఎంతవరకు వచ్చిందో ఎవరు చూస్తారు? చూసి ఎవరికి చెప్తారు? ఆఫీసు భాషలో దీన్ని ప్రాధాన్యాల పురోగతిపై సమీక్ష అంటారు. ఊళ్ళో అయితే లెక్క చెప్పడం. లెక్క చెప్పడం, లెక్కచేయడం - తెలుగులో ఈ రెండు మాటలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఎవరిని లెక్కచేస్తామో వాళ్ళకే లెక్క చెప్తాం. మన కౌన్సిళ్ళు నూటయాభై ఏళ్ళుగా లెక్కలు చెప్తూనే వచ్చాయి. ఎవరికి చెప్పాయన్నదే నేను వెతుకుతున్నది.

*

మొదటి అడుగు 1850లో పడింది. ఆ ఏడాది 26వ చట్టం ప్రకారం, ఊళ్ళో వాళ్ళు కోరుకుంటే తమ పట్టణాన్ని బాగుచేసుకోడానికి ఒక సంఘం పెట్టుకోవచ్చు, పన్ను వేసుకోవచ్చు. భీమిలి లాంటి రేవు పట్టణాల్లో మొదటి సంఘాలు ఈ కాలంలోనే వచ్చాయి. ఓడలు, గిడ్డంగులు, యూరోపియన్ వర్తకులు ఉన్న చోట వీధి శుభ్రంగా ఉండాలన్న కోరిక సహజంగానే ముందు పుట్టింది.

తర్వాత 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం తెచ్చింది. పేరులో అభివృద్ధి ఉంది. కానీ కొత్త మునిసిపాలిటీల నెత్తిన పడ్డ మొదటి పెద్ద ఖర్చు దీపాలూ కాదు, కాలవలూ కాదు: పట్టణ పోలీసుల జీతాల్లో ఎక్కువ భాగం. 1857 తిరుగుబాటు తర్వాత ఖాళీ అయిన ఖజానా మీద భారం తగ్గించుకోడానికి పట్టణాల మీద పన్ను ఒక మార్గం అయింది. అంటే మన పట్టణాల మొట్టమొదటి 'ప్రాధాన్యం' ఆ పట్టణంలో ఉన్నవాళ్ళు అనుకున్నది కాదు. కౌన్సిలర్లు కూడా ప్రభుత్వం నియమించినవాళ్ళే. 1871 చట్టంతో పోలీసు ఖర్చు పోయి, దాని బదులు బడులు, ఆసుపత్రులు, టీకాలు వచ్చాయి. 1884 చట్టంతో ఎన్నికలు కాస్త విస్తరించాయి. ఓటు మాత్రం ఆస్తీ పన్నూ ఉన్న కొద్దిమందికే.

లెక్క సంగతి చూద్దాం. ప్రతి మునిసిపాలిటీ ఏటా ఒక పరిపాలనా నివేదిక రాసి పైకి పంపాలి. పన్ను డిమాండు ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత. వీధి దీపాలు ఎన్ని. టీకాలు ఎంతమందికి వేశారు. జననాలు, మరణాలు ఎన్ని రాశారు. మద్రాసులో వీటన్నిటినీ కలిపి సమీక్ష రాసేవారు. ఫలానా పట్టణం వసూళ్ళలో బాగుంది, ఫలానాది అసంతృప్తికరం, ఛైర్మన్ మరింత శ్రద్ధ పెట్టాలి, ఈ ధోరణిలో. పురోగతిని పట్టికల్లో చూసే పద్ధతి మనకి కంప్యూటర్లతో వచ్చిందేమీ కాదు.

1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్లో స్థానిక పాలనకి ఒక అధ్యాయమే ఉంది. అప్పటికి జిల్లాలో మునిసిపాలిటీలు నాలుగు: విశాఖపట్నం, విజయనగరం, భీమునిపట్నం, అనకాపల్లి. వాటి బయట జిల్లా బోర్డు, తాలూకా బోర్డులు ఉండేవి. ఈ మొత్తం రాతకోతల్లో ఒకటి గమనించాలి. ఆ నివేదికలు ఇంగ్లీషులో రాసేవారు. కలెక్టరు ద్వారా మద్రాసు వెళ్ళేవి. పన్ను కట్టిన భీమిలి జాలరికీ, అనకాపల్లి బెల్లం వర్తకుడికీ దాన్ని చదివి వినిపించాలన్న ఆలోచనకి ఆ ఏర్పాటులో చోటే లేదు.

లార్డ్ రిపన్ 1882 మే 18 నాటి తీర్మానాన్ని మన పాఠ్యపుస్తకాలు స్థానిక స్వపరిపాలనకి పునాది అంటాయి. అందులో నిజంగా పెద్ద మాట ఒకటి ఉంది. స్థానిక సంస్థలు పెట్టేది ముందుగా పాలన మెరుగుపడుతుందని కాదు, ప్రజలకి రాజకీయ శిక్షణగా పనికొస్తుందని. మొదట్లో తప్పులు జరుగుతాయని కూడా ఆయన ఒప్పుకున్నాడు. ప్రభుత్వం లోపల కూర్చుని నడపడం మాని బయట నుంచి కనిపెట్టాలని కూడా ఆ తీర్మానం ఉద్దేశం. బావుంది. అయితే ఆ 'బయట' నిలబడి చూసేది కలెక్టరు, ఆపైన గవర్నరు. పన్ను కట్టేవాడు కూడా బయట నిలబడి చూడొచ్చన్నది అక్కడ లేదు. శిక్షణ అతనికే అన్నారు గానీ పరీక్ష పేపరు దిద్దే పని అతనికి ఇవ్వలేదు.

*

లెక్కలు అడిగే అలవాటు మనకి ఇంగ్లీషువాళ్ళే నేర్పారనుకుంటే పొరపాటు. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో, చోళరాజు మొదటి పరాంతకుడి కాలంలో, 919, 921 సంవత్సరాల నాటి శాసనాలు గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. ఊరి సభకి చెందిన చెరువు సంఘం, తోటల సంఘం లాంటి వాటికి సభ్యుల్ని కుండలో పేర్ల చీటీలు వేసి ఎలా ఎన్నుకోవాలో అందులో రాసుంది. ఎవరు పనికిరారో కూడా రాసుంది. ఇంతకుముందు సంఘంలో పనిచేసి లెక్కలు అప్పజెప్పనివాడు పనికిరాడు. వాడొక్కడే కాదు, వాడి దగ్గర చుట్టాలు కూడా పనికిరారు!

దీన్ని చూసి మన పూర్వీకుల ప్రజాస్వామ్యం అంటూ పొంగిపోనక్కర్లేదు. అది బ్రాహ్మణ అగ్రహారం. భూమీ ఇల్లూ వేదం చదువూ ఉన్న మగవాళ్ళకే అందులో చోటు. ఊళ్ళో నాట్లు వేసినవాళ్ళ పేరు ఏ చీటీ మీదా రాలేదు. నాకు ఆసక్తి కలిగించేది ఆ నియమం ఎక్కడ రాశారన్నది. దేవాలయం గోడ మీద. ఆ సభకి సంబంధించినంతవరకు చూడాల్సినవాళ్ళందరూ రోజూ నడిచే చోట. లెక్క చెప్పనివాడికి శిక్ష పై నుంచి రాలేదు, పక్కనున్నవాళ్ళ నుంచే వచ్చింది.

ఇప్పుడు మన ఊళ్ళలో రాతి మీద చెక్కేది ఏమిటి? శిలాఫలకం. శంకుస్థాపన చేసిన మంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు, తేదీ. పని మొదలవుతుందన్న వార్తకి రాయి దొరుకుతుంది. పని ఎక్కడ ఆగిందన్న వార్తకి కాగితం కూడా దొరకదు.

*

లెక్క పైకి మాత్రమే పోతే కింద ఏమవుతుందో చెప్పే సంఘటనలు రెండు, ఒకదాని వెంట ఒకటి, 1921, 1922లలో జరిగాయి.

మొదటిది అందరికీ తెలిసిందే. చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను దాదాపు 40,000 అయింది. నేత పని చేసుకునే జనం మాకీ మునిసిపాలిటీ వద్దన్నారు. ఆనాటి ద్వంద్వ పాలనలో స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రి చేతికొచ్చిన శాఖ. ఆ మంత్రి జస్టిస్ పార్టీకి చెందిన పానగల్ రాజా. అర్జీలు పనిచెయ్యలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్ళొదిలేసి, మునిసిపల్ హద్దు అవతల రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. హద్దు దాటితే పన్ను లేదు కదా!

దీన్ని మనం సహాయనిరాకరణలో ఒక ఘట్టంగా చదువుతాం. మునిసిపల్ చరిత్రగా చదివితే ఇంకోలా కనిపిస్తుంది. పట్టణ హోదా అనేది పైవాళ్ళ దృష్టిలో పురోగతి. కింద ఉన్నవాళ్ళకి అదొక బిల్లు. ఆ బిల్లు పదింతలు ఎందుకైంది, బదులుగా ఏమొస్తుందన్న ప్రశ్నకి వాళ్ళు నమ్మే జవాబు రాలేదు. చివరికి గోపాలకృష్ణయ్య జైలుకి వెళ్ళాడు, జనం ఇళ్ళకి తిరిగొచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది.

రెండోది మా దారికి దగ్గరలో జరిగింది. అప్పటి గొలుగొండ తాలూకాకి నర్సీపట్నం ముఖ్యపట్టణం. అక్కడి నుంచి గూడెం కొండల్లోకి రోడ్లు వేయించే పనిని డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చూసేవాడు. కొండవాళ్ళని బలవంతంగా పనిలోకి దింపడం, కూలి సరిగా ఇవ్వకపోవడం, దానికి తోడు అటవీ చట్టాలు, పోడు మీద ఆంక్షలు. అల్లూరి సీతారామరాజు పితూరీకి చరిత్రకారులు చెప్పే కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి.

ఏ ప్రభుత్వ నివేదికలోనైనా రోడ్డు అంటే మైళ్ళు, ఖర్చు. ఇన్ని మైళ్ళు పూర్తి, ఇన్ని మిగిలాయి. తట్ట మోసినవాడికి అణాలు ముట్టాయా లేదా అన్నదానికి ఆ పట్టికలో గడి ఉండదు. పట్టిక తయారుచేసేవాడు ఏ గడి గీస్తే అదే పురోగతి. గీయని గడిలో ఏముందో గూడెం కొండల్లో తుపాకీ మోతతో గానీ బయటికి రాలేదు.

*

స్వాతంత్ర్యం తర్వాత పద్ధతి మారిందా? చట్టాల్లో చాలా మారింది. బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో నివేదిక ఇచ్చింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లో, 11న మన షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ని ప్రారంభించాడు. పట్టణాలకి 1965 మునిసిపాలిటీల చట్టం వచ్చింది. 1980ల నడుమ తాలూకాలూ సమితులూ పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు పని మీద ఎక్కడో ఉన్న తాలూకా కేంద్రానికి పోవాల్సిన పని తగ్గి, రావికమతం లాంటి ఊళ్ళకి మండలాఫీసులు వచ్చాయి. 1992లో రాజ్యాంగానికి 73, 74 సవరణలు జరిగాయి. పంచాయతీలకి 29 విషయాలు, మునిసిపాలిటీలకి 18 విషయాలు జాబితాగా రాశారు.

ఈ రెండు సవరణల మధ్య ఒక తేడా ఉంది. దాని గురించి పట్టణాల్లో ఉండేవాళ్ళం ఎక్కువగా మాట్లాడుకోం. 243ఎ అధికరణం ఊరికి గ్రామసభని ఇచ్చింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. మన రాష్ట్ర 1994 చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, పోయినేడు చేసిన పనుల నివేదిక, ఈ ఏడు చేయబోయే పనులు దాని ముందు పెట్టాలి. పట్టణాలకి రాజ్యాంగం ఇలాంటి సభని ఇవ్వలేదు. వార్డు కమిటీల గురించి 243ఎస్‌లో రాసింది గానీ, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. తర్వాత కేంద్ర పథకాల షరతుల వల్ల ఏరియా సభలు అవీ చట్టాల్లోకి ఎక్కినా, ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఎంతమంది తమ వార్డులో అలాంటి సభకి వెళ్ళారో నాకు సందేహమే.

కాబట్టి కాగితం మీద చూస్తే రావికమతం ఓటరుకి నర్సీపట్నం ఓటరు కన్నా ఒక హక్కు ఎక్కువ. ఊరు పెరిగి మునిసిపాలిటీ అయితే పంచాయతీ పోతుంది. పంచాయతీతో పాటు గ్రామసభా పోతుంది. దాన్ని కోల్పోయామని ఎవరూ దండోరా వేయరు. ఇంటిపన్ను పెరిగిందనే సంగతి మాత్రం నోటీసు వచ్చి చెప్తుంది.

ఇక ఆ గ్రామసభ నిజంగా ఎలా ఉంటుంది? నేను కూర్చున్న ఒక సభ గురించి చెప్తాను, ఊరి పేరు అనవసరం. రచ్చబండ దగ్గర పాతికమంది. కార్యదర్శి గబగబా పనుల జాబితా చదివాడు. రిజిస్టరు చేతులు మారుతూ సంతకాలు, వేలిముద్రలు పడుతున్నాయి. ఒక ముసలామె లేచి తమ వీధి కుళాయి సంగతి అడిగింది. "రాసుకున్నామమ్మా" అన్నాడాయన. "పోయినేడు కూడా రాసుకున్నారు గదా బాబూ, ఆ కాయితం ఏటయ్యింది?" అందామె. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, చెడ్డవాడేం కాదు. ఆయన దగ్గర జవాబు నిజంగానే లేదు. పోయినేడు రాసుకున్నది మండలానికి పోయింది, అక్కడి నుంచి ఆన్‌లైన్‌లోకి ఎక్కింది. వెనక్కి రావడానికి దానికి దారి లేదు.

నూటయాభై ఏళ్ళ చరిత్ర గురించి నేను చదివిందంతా ఆమె ఒక్క ముక్కలో అడిగేసింది.

*

అడగడానికి ఎదురుగా ఒక మనిషైనా ఉండాలి కదా. అదీ లేని కాలాలున్నాయి. 2010లో రాష్ట్రంలో మునిసిపల్ కౌన్సిళ్ళ గడువు తీరింది. మళ్ళీ ఎన్నికలు 2014లో. ఆ కౌన్సిళ్ళ గడువు 2019లో తీరితే తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో. పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో. విశాఖ కార్పొరేషన్‌కైతే 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు. అంటే 2013లో భీమిలిని కలిపింది కార్పొరేటర్లే లేని కార్పొరేషన్లో. అంత పాత మునిసిపాలిటీ జనం తమ వార్డు మనిషిని ఎన్నుకోడానికి ఎనిమిదేళ్ళు ఆగాల్సొచ్చింది.

ఈ ఏళ్ళన్నీ ప్రత్యేకాధికారుల పాలన. పనులు ఆగలేదు. నివేదికలు అసలే ఆగలేదు. ఎందుకంటే నివేదికకి కావలసిన ఇద్దరూ, రాసేవాడూ చదివేవాడూ, ఉద్యోగంలోనే ఉన్నారు. ఎన్నికైనవాళ్ళు లేకపోయినా ఆ యంత్రం తిరుగుతుందంటే, అసలు అది ఎవరి కోసం కట్టిందో అర్థం కావడం లేదూ!

*

లెక్క కిందికి తిరిగిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని చెప్పకపోతే అన్యాయం.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరు నుంచి జన్ సున్‌వాయీలు మొదలుపెట్టింది. పంచాయతీ పనుల మస్టర్ రోళ్ళు, బిల్లులు సంపాదించి ఊరి మధ్య చదవడం, అంతే. చనిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు కూలీలుగా బయటికొచ్చాయి. సమాచార హక్కు చట్టానికి బీజం అక్కడే పడింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక, దానికి సామాజిక తనిఖీని క్రమం తప్పకుండా, రాష్ట్రమంతటా చేసే పనిగా మార్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టారు.

అది నడిచే తీరు చూడండి. కూలీల కుటుంబాల నుంచే చదువుకున్న పిల్లల్ని తీసుకుని శిక్షణ ఇస్తారు. వాళ్ళు మస్టర్లు, ఎం-బుక్కులు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. "నువ్వు ఫలానా వారం ఇన్ని రోజులు చేసినట్టుంది, నిజమేనా అక్కా? డబ్బులు అందాయా?" చెరువు పూడిక తీసినట్టు రాసుంటే టేపు పట్టుకుని చెరువులోకి దిగుతారు. తర్వాత గ్రామసభ, ఆ తర్వాత మండల కేంద్రంలో బహిరంగ విచారణ. ఫీల్డ్ అసిస్టెంటూ, టెక్నికల్ అసిస్టెంటూ అందరి ముందూ జవాబు చెప్పాలి. బాస్టియన్ రోడ్డు లెక్కలో లేని గడిని, ఎనభై ఏళ్ళు దాటాక, గీసినట్టయింది.

అది అన్నీ సరిచేసిందని అనను. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువ. విచారణ రోజు బల్ల అవతల నిలబడ్డ మనిషి మర్నాడు మస్టర్ రాసే మనిషే. కూలీకి ఆ భయం ఉంటుంది. అయినా, పురోగతి నివేదికని ఎవరి పేరు మీద రాశారో వాళ్ళకే చదివి వినిపించి 'అవునా?' అని అడగడం మన పాలనా చరిత్రలో కొత్త సంగతి. అది పంచాయతీ మొత్తం బడ్జెట్టుకీ, మునిసిపల్ కౌన్సిల్ తీర్మానాలకీ పాకకపోవడం మన దురదృష్టం.

ఇంకా దూరం వెళ్తే బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రే నగరం ఉంది. 1989 నుంచి అక్కడ పేటల వారీగా జనం కూర్చుని ఏ పని ముందో తేల్చేవారు. ఆ జాబితాని నగరపాలక సంస్థ చిన్న పుస్తకంగా అచ్చువేసి పంచేది. మరుసటేడు జనం ఆ పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చి, మా పేట కాలవ పని ఇందులో ఉంది, ఎంతవరకొచ్చింది అని అడిగేవారు. రాజకీయాలు మారాక అక్కడా అది బలహీనపడింది. కానీ ఆ పుస్తకం ఆలోచన గొప్పది. తీర్మానం కాపీ అడిగేవాడి చేతిలో ఉండటం.

*

మన దగ్గర ఇప్పుడు పుస్తకం బదులు డాష్‌బోర్డు ఉంది. పద్నాలుగో ఆర్థిక సంఘం 2015-20 మధ్య గ్రామ పంచాయతీలకి 2 లక్షల కోట్ల రూపాయలకి పైగా సిఫారసు చేశాక, ప్రతి పంచాయతీ ఒక అభివృద్ధి ప్రణాళిక రాసి ఆన్‌లైన్‌లో పెట్టాలి. పట్టణాలకి 2016 నుంచి స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు. 2019 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు. సచివాలయం బోర్డు మీద ఎవరికి ఏ పథకం వచ్చిందో పేర్లతో సహా అంటించారు, అది మంచి పనే. కానీ ఆ బోర్డు మీద ఉండేది మనుషుల జాబితా. ఊరి పనుల జాబితా కాదు. నాకొచ్చిందా లేదా అని ఎవరికి వాళ్ళం చూసుకుంటాం. మనందరికీ రావాల్సింది ఎక్కడ ఆగిందో చూసుకోడానికి బోర్డు లేదు.

పైగా ఊరు 'ముందు ఇది కావాలి' అనుకునే పని చాలాసార్లు ఊరి పాలకవర్గం చేతిలోనే ఉండదు. బి.ఎన్. రోడ్డు రోడ్లు, భవనాల శాఖది. గుంతలో పడ్డవాడు తిట్టేది సర్పంచిని. రావికమతం మండలంలోనే చీమలపాడు పంచాయతీ కొండల మీద గిరిజన గూడేలున్నాయి. నేరేడుబంద లాంటి చోట్ల పిల్లలు బడికి గుర్రాల మీద రావడం, పెద్దలు రోడ్డు కోసం గుర్రాలెక్కి నిరసన తెలపడం పత్రికల్లో వచ్చింది. గిరిజనులే అయినా ఆ గూడేలు ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేవు. చేర్చమని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అలాంటి గూడేనికి రోడ్డు అంటే పంచాయతీ తీర్మానం, ఇంజినీరు ఎస్టిమేటు, అటవీ శాఖ అనుమతి, మంజూరు, టెండరు. ఐదు ఆఫీసుల్లో ఐదు ఫైళ్ళు. ప్రతి ఆఫీసు డాష్‌బోర్డులోనూ తన వంతు పురోగతి బాగానే కనిపించవచ్చు. గర్భిణిని డోలీలో మోసుకుని దిగేవాళ్ళకి ఆ ఐదూ కలిపి చూపించే కాగితం ఎక్కడా లేదు.

అందుకే పురోగతి సమీక్ష అనే ఈ నీరసమైన మాట నాకు చిన్న విషయంగా కనిపించదు. ఏ ఫైలు ఎక్కడ ఆగిందో తెలిస్తే ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది. తెలియకపోతే అందరూ కలిసి సర్పంచిని తిడతారు, ఆయన పైవాళ్ళని తిడతాడు, అక్కడితో సరి.

దీనికి కొత్త యాప్ ఏమీ అక్కర్లేదు. పంచాయతీ గోడో, వార్డు సచివాలయం గోడో చాలు. పోయినేడు తీర్మానించిన పనుల్లో ముఖ్యమైన ఐదు. ఒక్కోదానికి నాలుగు తేదీలు: తీర్మానం ఎప్పుడు, మంజూరు ఎప్పుడు, పని మొదలు ఎప్పుడు, బిల్లు చెల్లింపు ఎప్పుడు. తేదీ లేని చోట ఏ ఆఫీసులో ఉందో ఆఫీసు పేరు. తెలుగులో, చేత్తో చెరిపి మళ్ళీ రాయగలిగే రంగుతో. సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం ఇలాంటి వివరాలు ఎవరూ అడక్కుండానే బయట పెట్టాలి. చట్టం 2005 నుంచి ఉంది, గోడలు అంతకన్నా ముందు నుంచే ఉన్నాయి.

పట్టణాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి గ్రామసభ లేదు. కౌన్సిలర్ మాత్రం ఉంటారు, సాధారణంగా ఫోన్ నంబరుతో సహా. ఈసారి కొత్త రోడ్డు అడగకండి. పోయిన బడ్జెట్టులో మన వార్డుకని రాసుకున్న పనుల జాబితా అడగండి, వాటి తేదీలు అడగండి. ఆ కాగితం మీ చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కపెట్టుకోండి. మనల్ని ఎంత లెక్కచేస్తున్నారో ఆ రోజుల సంఖ్యే చెప్తుంది.